పందొమ్మిది పూతల గోడ

(ఏడో భాగం)

పోయినవారం టేపమ్మను మేడమీది గదిలో, ముక్కల మూటల మధ్య, నోరు తెరుచుకుని నిలబడ్డ చోటే వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఇక కదిలిద్దాం.

ఇవాళే కథలో అడుగుపెట్టినవాళ్ల కోసం రెండు మాటలు. మెడలో ఎప్పుడూ కొలతటేపు వేలాడుతూ ఉంటుంది కనక వీధి వీధంతా ఆవిణ్ణి టేపమ్మ అంటారు. బట్టలు కుట్టడం ఆవిడ పని. మొగుడు పెయింటరు. ఎనిమిది నెలల కిందట పరంజా మీంచి జారిపడి, కాల్లో ఇనపకడ్డీ వేయించుకుని, అప్పట్నుంచి కింద ముందుగదిలో మంచానికే అంటుకుపోయాడు. ఆ ఇంటికి మెట్లు పద్నాలుగు, నిచ్చెనకి తోబుట్టువులంత నిటారుగా ఉంటాయి. స్నానాలగదేమో మేడమీద. అందుకే ఇల్లు అమ్మకానికి పెట్టారు. రెండు వీధుల అవతల మెట్టన్నది లేని చిన్న ఇల్లొకటి చూసుకున్నారు. దాని యజమాని శనివారం దాకా ఆగుతానన్నాడు, ఆదివారం పొద్దున ఇంకొకరికి ఇచ్చేస్తానని కూడా అన్నాడు. ఇక ఈ ఇల్లు కొంటానన్న లైబ్రరీ ఆయన, "ఇంజనీరు వచ్చి చూసి పరవాలేదంటే శుక్రవారమే సంతకం పెడతాను" అని మాటిచ్చాడు. ఇంజనీరు వచ్చేది ఇవాళే. గురువారం, పదకొండు గంటలకి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అనడం ఎలా మరిచిపోయారో గానీ, మూడు రోజులుగా టేపమ్మ ఆ ముచ్చటా చూస్తూనే ఉంది. ఇంజనీరు ముందే ఒక కాగితం పంపించింది. మీటరు బోర్డు ముందు ఏమీ ఉండకూడదు. వంటింటి తొట్టి కింద ఖాళీ చెయ్యాలి. ప్రతి గది తాళమూ దొరకాలి. ప్రతి గోడా కింది నుంచి పై దాకా కనపడాలి. టేపమ్మ తాళాలన్నిటికీ, కుట్టుకిచ్చినవాళ్ల బట్టలకి తగిలించినట్టే, చీటీలు రాసి పిన్నులు గుచ్చింది. తొట్టి కింద ఖాళీ చేస్తే ఆరేళ్ల కిందట పోయిందనుకున్న కత్తెర దొరికింది. మిగిలింది మేడమీది గది. మొగుడు పడ్డప్పట్నుంచి మిషను కిందికి తెచ్చుకుని ఆయన పక్కనే కుడుతోంది కనక, ఆ గది ముక్కల మూటలకి కొట్టయిపోయింది. ఈ పొద్దున ఏడింటికి మూటలు జరిపితే వాటి వెనకున్న గోడ మీద చాపంత తడిమరక. అడుగు మూట కంపు కొడుతోంది.

"ఏమండీ! గోడ తడిగా ఉంది!" అని పైనించి కేకేసింది.

"కిటికీకి ఎడం పక్కదేనా?" అని కిందనించి జవాబొచ్చింది.

గదికి నాలుగు గోడలు. ఆయన పైకెక్కి ఎనిమిది నెలలయింది. పోయినవారం మనం ఆగింది అక్కడే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వ్యవహారం. టేపమ్మ వెంటనే కిందికి దిగలేదు. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు గీత గీసి గాని ముట్టుకోని మనిషి. జాకెట్టులో దోపుకున్న దర్జీ సుద్ద తీసి, మరక అంచు వెంబడే గుండ్రంగా గీత గీసింది. ఆ తరవాత వేలు పెట్టి చూసింది. రంగు బొబ్బలెక్కి ఉంది. కుట్లు విప్పే రిప్పరు మొనతో ఒక బొబ్బని లేపితే, చొక్కా గుండీ అంత పెచ్చు ఊడి అరచేతిలో పడింది.

ఆ పెచ్చుని కిటికీ దగ్గరకి తీసికెళ్లి, అంచు మీద నిలబెట్టి చూసింది. దుకాణంలో దొంతరగా పేర్చిన తానుల్లా ఒకదాని మీద ఒకటి సన్నటి రంగులు. పైన పోయినేటి పసుపు. దాని కింద నీలం. దాని కింద గులాబి, ఆ ఏడాది వానలు ఆలస్యమయ్యాయి. దాని కింద ముదురు వంగపండు రంగు, అది ఆవిడకి నచ్చలేదు గానీ నచ్చిందని చెప్పింది. సూదిలో దారం ఎక్కించే కళ్లు కనక ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టింది. పందొమ్మిది.

ఈ పందొమ్మిదికో కథ ఉంది. ప్రతి పెళ్లిరోజుకీ పెయింటరు ఆ గది తలుపు మూసుకుని, రోజంతా లోపలే ఉండి, సాయంత్రం పెళ్లాన్ని కళ్లు మూసుకోమని చెప్పి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు. కళ్లు తెరిస్తే ఆ ఒక్క గోడా కొత్తరంగు. "నువ్వు రోజంతా చూసే గోడ ఇదే కదా" అనేవాడు. కొలతలు ఇవ్వడానికొచ్చిన ప్రతి ఆడమనిషికీ టేపమ్మ ఈ సంగతి చెప్పుకుంది. కొందరు తమ మొగుళ్లని తీసుకొచ్చి మరీ చూపించారు. వీధిలో నలుగురైదుగురు మగవాళ్లకి ఆ గోడంటే ఇప్పటికీ పడదు.

ఆ పెచ్చు పిడికిట్లో పట్టుకుని కిందికి దిగింది.

పెయింటరు మంచం మీద దుప్పటిని గడ్డం దాకా లాక్కుని, కాగితం చదువుతున్నట్టు నటిస్తున్నాడు. కాగితం తలకిందులుగా ఉంది.

"కిటికీకి ఎడం పక్కదని మీకెలా తెలుసు?"

"అంటే... చెమ్మ అటే ఎక్కుతుంది కదా, మామూలుగా."

"మామూలుగానా? ఎన్నేళ్ల మామూలు?"

ఆయన కాగితాన్ని తిన్నగా తిప్పి పట్టుకున్నాడు. టేపమ్మ పెచ్చుని ఆయన ఛాతీ మీద పెట్టింది. పెయింటరు దాన్ని రెండు వేళ్లతో తీసుకుని వెలుతురుకి పట్టాడు. ముప్పయ్యేళ్లుగా రంగులతోనే బతికినవాడు, ఆ అంచు చూడగానే మొహం పాలిపోయింది.

"రంగు నాకోసం వేశారా, మరక కోసం వేశారా?" అని అడిగింది టేపమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి కొంచెం తేలిగ్గా ఉండేది.

"మొదటేడు నీకోసమే," అన్నాడు పెయింటరు. "ఒట్టు. రెండో ఏడు పెళ్లిరోజుకి నాలుగు రోజుల ముందు చెమ్మ కనపడింది. అరచెయ్యంత. సరే, దీని మీద వేసేస్తే పోతుందిలే అనుకున్నా. నువ్వు చూసి మురిసిపోయావు. ఆ మొహం చూశాక ఇంకేం చెప్పను? మూడో ఏడు మళ్లీ వచ్చింది. అప్పటికి నువ్వు ఊరందరికీ చెప్పేశావు."

"అంటే తప్పు నాదా?"

"నీదని ఎవరన్నారు? పెయింటరు ఇంట్లో గోడకి చెమ్మెక్కిందని తెలిస్తే ఎవడు పనిస్తాడే నాకు? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు కదా. అందుకే కప్పేశా. కప్పడం ఒక్కటే నాకు తెలిసిన పని."

"పందొమ్మిదేళ్లు కళ్లు మూసుకోమన్నారు," అంది టేపమ్మ. "నేనూ మూసుకున్నాను."

ఆవిడకి ఏడుపొచ్చింది. మరక గురించి కాదు. మరకలు ఏ ఇంటికైనా ఉంటాయి. ఆ పందొమ్మిది సాయంత్రాలు ఇప్పుడు ఏ అరలో పెట్టుకోవాలో ఆవిడకి తెలియలేదు. టేపు చివరతో కళ్లు తుడుచుకుంది.

పెయింటరు ఆ పెచ్చుని ఇంకా చూస్తూనే ఉన్నాడు. "అన్నిటికన్నా అడుగున చూడు," అన్నాడు మెల్లిగా. "చిలకపచ్చ. చొక్కా జేబు కుట్టించుకోడానికి మొదటిసారి నీ కొట్టుకొచ్చినప్పుడు నీ మిషను మీదున్న గుడ్డ రంగు. ఆ గుడ్డ ముక్క అడిగి తీసుకెళ్లా, గుర్తుందా? దాన్ని పక్కన పెట్టుకునే కలిపా."

గుర్తుంది. అప్పట్లో ఆ ముక్క ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. కోపం సగం దిగింది. దిగినందుకు ఆవిడకి తన మీదే కోపమొచ్చింది.

గోడగడియారం ఎనిమిది కొట్టింది. పెయింటరు లేచి కూర్చున్నాడు. ఇప్పుడాయన గొంతులో పనివాడు పలికాడు.

"ఇదిగో, విను. మెట్ల కింద తెల్ల మూత డబ్బా ఉంది. చెమ్మని ఆపే పూత. అది ఒకటి వేసి, ఫ్యాను కింద గంట ఆరనిచ్చి, మీద పసుపు వెయ్. పసుపు నీలి బకెట్లో మిగిలే ఉంది. పదింటికల్లా అయిపోతుంది. నా చెయ్యి చూసినదానివి, నువ్వు వెయ్యగలవు. ఈ ఒక్క రోజు నిలబడితే చాలు."

"ఇంజనీరు కనిపెట్టదా?"

"పందొమ్మిదేళ్లు పక్కన కూర్చుని కుట్టిన నువ్వే కనిపెట్టలేదు, గంట సేపు చూసే మనిషి కనిపెడుతుందా?"

ఈ మాట అనకుండా ఉండాల్సింది. అన్న మరుక్షణం ఆయనకే తెలిసింది. కానీ టేపమ్మ వెళ్లి డబ్బా తీసుకుంది. శనివారం గుర్తొచ్చింది. మొన్న ఆయన్ని వీపు మీద మోసినంత పని చేసి నాలుగో మెట్టు దాకా ఎక్కించి, ఇద్దరూ అక్కడే కూలబడి, మళ్లీ దించుకున్న సంగతి గుర్తొచ్చింది. ఎనిమిది నెలలుగా ముందుగదిలోనే బకెట్టు పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి ఆయనకి స్నానం చేయిస్తోంది. వీధిలో ఎవరి నవ్వు వినపడినా ఆయన కళ్లు దించుకుంటాడు. డబ్బా, కుంచె పట్టుకుని పద్నాలుగు మెట్లూ ఎక్కింది.

పైన డబ్బా మూత తీసింది. కుంచె ముంచింది. ముంచి, గోడ వైపు చూసి, ఆగిపోయింది.

మరక సుద్దగీత దాటేసింది.

కుంచె డబ్బా మీద పెట్టి, మెళ్లో టేపు తీసి కొలిచింది. కుడివైపు వేలెడు. పైవైపు అర వేలు. వానలు పడి మూడు నెలలయింది. పైకప్పు ఎండి పెళపెళలాడుతోంది. మరి గంటలో వేలెడు మేర పెరగడానికి నీళ్లెక్కడివి? ఆ ప్రశ్న బుర్రలో దూరాక ఇంక కుంచె మీద మనసు నిలవలేదు. టేపమ్మకి ఏదైనా ఒకసారి వింతగా తోచిందంటే, దాని కుట్లు విప్పి చూస్తే గాని నిద్రపట్టదు.

"ఏమండీ, మెయిన్ వాల్వు కట్టేస్తున్నా!"

"ఎందుకే? రంగు వెయ్యమంటే నీళ్లు కట్టేస్తావేంటి?"

టేపమ్మ వాల్వు బిగించింది. ఇంట్లో కుళాయిలన్నీ విప్పి చూసింది, చుక్క రాలేదు. ఈసారి ఇంకో గీత గీసి, స్టూలు వేసుకుని గోడ ముందు కూర్చుంది. తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది. రెండో గీతా మునిగిపోయింది.

"ఇది మన నీళ్లు కాదండీ!"

కింద దుప్పటి విదిలించిన చప్పుడైంది. తరవాత మంచం కిర్రుమంది.

"గోడ మీద ఉప్పు పెట్టిందా?" అని కేకేశాడు పెయింటరు. "తెల్లగా, బూజులా, పిండి రాలుతుందా?"

"లేదు!"

"ముట్టుకుంటే?"

"చల్లగా ఉంది. వేలికి నీళ్లంటుతున్నాయి!"

"అయితే పాత చెమ్మ కాదు," అన్నాడు పెయింటరు. ఆయన గొంతు మారింది. కొత్త రంగుడబ్బా మూత తీసిన వాసన తగిలినవాడి గొంతులా ఉంది. "నీళ్లు ఆగిపోతే రెండు నెలల్లో గోడ ఆరి ఉప్పు కక్కుతుంది. ఉప్పు లేదంటే ఇది ఇవాళ్టి నీళ్లే. ఎత్తు ఎంత?"

"నేలనించి మూడడుగుల రెండంగుళాలు. కిటికీ అంచునించి నాలుగున్నర అడుగులు!"

కిందనించి పెన్సిలు గీతలు వినపడ్డాయి. ఇంజనీరు పంపిన కాగితం వెనకే ఆయన ఇంటి పటం గీస్తున్నాడు. పందొమ్మిదేళ్లు రంగులు మార్చాడు గానీ నీళ్లెక్కణ్ణించి వస్తున్నాయని ఒక్కనాడూ అడగలేదు. ఇవాళ మంచం మీద కూర్చుని అడుగుతున్నాడు.

"అవతల టీచరమ్మ స్నానాలగది," అన్నాడు చివరికి. "సరిగ్గా కుళాయి ఉన్న చోటే."

పక్కింటికీ ఈ ఇంటికీ మధ్య అదొక్కటే గోడ. టీచరమ్మ ఒంటి మనిషి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. ఏడాది కిందట ఎవరో బంధువులొచ్చి తీసుకెళ్లారు. అప్పట్నుంచి ముందు గేటుకి తాళం. తాళం తుప్పు పట్టింది కూడా.

"ఆవిడ వెళ్లి ఏడాదయింది కదండీ," అంది టేపమ్మ.

"అవును."

"మరి ఇవాళ్టి నీళ్లెలా అవుతాయి?"

ఇద్దరూ ఒకరికొకరు కనపడకుండా, మెట్లకి పైనొకరూ కిందొకరూ, ఒకే ప్రశ్న ముందు కూర్చున్నారు. ఆ పొద్దున మొదటిసారి ఇద్దరూ ఒక పక్షాన ఉన్నారు.

టేపమ్మ తెల్ల డబ్బా మూత బిగించేసింది. "నేను రంగు వెయ్యనండీ," అంది. "చిరుగు మీద పువ్వు కుట్టడం నాకూ వచ్చు. కానీ గుడ్డ యజమానికి చిరుగు చూపించాకే కుడతా. ఆ ఇంజనీరుతో ఉన్నదున్నట్టు చెప్పేస్తా. పైన పటారం లోన లొటారం బేరం నావల్ల కాదు."

"శనివారమో?"

"తెలుసు," అంది టేపమ్మ. డబ్బాని గోడకి దూరంగా జరిపింది.

పదకొండు కొట్టకముందే ఇంజనీరు వచ్చింది. పాతికేళ్ల పిల్ల. పొట్టి జుట్టు, చేతిలో సంచి, చొక్కా భుజాలు అంగుళం జారాయి. ఎదుటి మనిషిని చూడగానే కొలతలు తీయడం టేపమ్మకి అలవాటు. ఆ అమ్మాయి వెనకాల లైబ్రరీ ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, మాట్లాడితే పుస్తకాలు లేచి కూర్చుంటాయేమో అన్నంత మెల్లగా మాట్లాడతాడు. మొదటిసారి ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు వంటిల్లు చూడలేదు, కుళాయి తిప్పలేదు. తిన్నగా మేడెక్కి, ముక్కల మూటల మీదుగా చెయ్యి చాచి ఆ గోడని తాకి, "ఈ గది చాలు నాకు" అన్నాడు. రంగు నచ్చిందేమో అని టేపమ్మ ఆ రోజంతా పొంగిపోయింది.

ఆ అమ్మాయి సంచి దించకముందే టేపమ్మ మొదలుపెట్టింది. "తల్లీ, మీటరూ తొట్టీ తరవాత చూద్దువుగాని. ముందు మేడమీద ఒక గోడ ఉంది. తడిసింది. అది నీకు నేనే చూపించాలి."

ఇంజనీరు కనుబొమలెత్తింది. "ఇంత వరకూ ఏ ఇంట్లోనూ ఎవరూ ముందు ఈ మాట అనలేదండీ," అంది.

గోడ ముందు నిలబడి టేపమ్మ అంతా చెప్పింది. సుద్దగీతలు చూపించింది, వాల్వు సంగతి చెప్పింది. రంగుల సంగతి దగ్గరకొచ్చేసరికి మెళ్లో టేపు చుట్టడం మొదలుపెట్టింది. మొగుణ్ణి నలుగురిలో పలచన చెయ్యడానికి నోరు రాలేదు.

అప్పుడు మెట్ల దగ్గర ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. అందరూ తిరిగి చూశారు.

పెయింటరు వస్తున్నాడు. మెట్ల వైపు వీపు పెట్టి, కూర్చునే, రెండు చేతులతో ఒంటిని ఒక్కో మెట్టు మీదికి ఎత్తుకుంటూ, కడ్డీ ఉన్న కాలు చాచుకుని వస్తున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. టేపమ్మ పరుగున వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. పద్నాలుగో మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాడు.

"ఆ గోడ పని నాదమ్మా," అన్నాడు ఇంజనీరుతో. "పందొమ్మిదేళ్లుగా చెమ్మ మీద రంగేస్తూ వచ్చాను. మా ఆవిడకి ఈ పొద్దుటి దాకా తెలీదు. ఆమె తప్పేం లేదని కాగితంలో రాయి."

పందొమ్మిది రంగుల్లో ఏదీ టేపమ్మకి ఇంత నచ్చలేదు. వెళ్లి ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది.

ఇంజనీరు చెమ్మ కొలిచే చిన్న మీటరు తీసి గోడకి ఆనించింది. అది కీచుమంది. అంకె చూసి పెదవి విరిచింది. "నీళ్లు అవతలి నించే. మీ లెక్క సరైనదే. ప్లాస్టరు ఎంతవరకూ వదిలిందో చూడాలి," అని స్క్రూడ్రైవరు పిడితో గోడ మీద కొట్టింది. టక్. టక్. టక్. చెవి ఒగ్గి వింది.

అవతలి నించి వినపడింది. టక్. టక్. టక్.

ఇంజనీరు చేతిలోది కింద పడేసింది. పెయింటరు పెళ్లాం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏడాదిగా తాళం పడ్డ ఇల్లు. గోడలకి చెవులుంటాయంటారు గానీ చేతులుంటాయని ఎవరూ అనలేదు.

అందరూ ఉలిక్కిపడ్డారు, ఒక్కరు తప్ప. కొలతలు తీసే కళ్లు కనక టేపమ్మకి అది ముందు కనపడింది. లైబ్రరీ ఆయన భుజాలు కదల్లేదు. ఆయన మెల్లిగా నడిచి వెళ్లి, మొదటిరోజు తాకిన చోటే అరచెయ్యి గోడకి ఆనించాడు. నుదురు కూడా ఆనించాడు.

"ఇంకొంచెం ఓపిక పట్టు," అన్నాడు గోడతో. "వీళ్లకి ఇంకా చెప్పలేదు."